ఒక కచేరీ, రెండు రికార్డులు

1964 ఫిబ్రవరి 12వ తేదీ రాత్రి న్యూయార్కు నగరంలోని ఫిల్‌హార్మోనిక్ హాలులో మైల్స్ డేవిస్ అనే నల్లజాతి ట్రంపెట్ విద్వాంసుడు నలుగురు సహచరులతో కచేరీ చేశాడు. కొలంబియా కంపెనీ ఆ కచేరీని టేపుమీద పట్టింది. మరుసటి సంవత్సరం, 1965లో, అందులోనుంచి కొన్ని అంశాలు ఏరి ‘మై ఫన్నీ వాలెంటైన్’ అనే పేరుతో ఒక రికార్డు విడుదల చేసింది. ఇంకొన్ని 1966లో ‘ఫోర్ అండ్ మోర్’ అనే పేరుతో మరొక రికార్డుగా వచ్చాయి. ఏరడానికి కంపెనీ పాటించిన సూత్రం చాలా సులభమైనది. నెమ్మదిగా నడిచేవి ఒక పక్క, పరుగెత్తేవి ఇంకొక పక్క. మన సంగీత పరిభాషలో చెప్పాలంటే చౌకకాలం ఒక బుట్టలోకీ దురితకాలం మరొక బుట్టలోకీ వెళ్ళాయి.

ఈ రెండు రికార్డులనూ జాజ్ సంగీతంలో మేలైనవాటి సరసన కూర్చోబెట్టడం పరిపాటి. దానితో నాకు పేచీ లేదు. నా పేచీ ఆ విభజనతో. కంపెనీ తన అమ్మకంకోసం చేసుకున్న పంపకాన్ని విమర్శకులు కళాసత్యంగా స్వీకరించారు. మొదటిది ప్రణయ విషాదమనీ, రెండవది ఉద్రేకమనీ, మైల్స్‌కు రెండు ముఖాలున్నాయనీ రాస్తూ వచ్చారు. ఆ రాత్రి ఆ హాలులో కూర్చున్నవారికి రెండు ముఖాలు కనిపించలేదు. ఒకే బృందం, ఒకే వేదిక, ఒకే కారణం. ఆ కారణం ఏమిటో తెలిస్తేనే ఆ వేగానికి అర్థం తెలుస్తుందని నా వాదం.

ఇక్కడ మనవారితో కూడా ఒక మాట చెప్పుకోవాలి. అభ్యుదయ విమర్శకు పాటలో సాహిత్యం వుంటే పట్టు దొరుకుతుంది. సాహిత్యం లేని సంగీతం ఎదురైతే మనం రెండింటిలో ఒకటి చేస్తాం. ‘ఇందులో నినాదం లేదు’ అని పక్కన పెడతాం. లేదా దాన్ని శాస్త్రజ్ఞులకు వదిలేస్తాం. శాస్త్రజ్ఞులు నిమిషానికి ఎన్ని దెబ్బలో, ఏ శ్రుతిలో వుందో, మైకు ఎక్కడ పెట్టారో లెక్క కట్టి అక్కడితో ఆగిపోతారు. నేను తెలుగు సాహిత్యం చెప్పుకునేవాణ్ణి. సంగీతశాస్త్రం నా వృత్తి కాదు. అయినా పద్యంలో ఛందస్సు వస్తువుకు బయట వుండదని తరగతిలో రోజూ చెబుతూ, లయ చరిత్రకు బయట వుంటుందని ఒప్పుకోవడం నాకు సాధ్యం కాదు.

ఆ కచేరీ మిసిసిపి, లూసియానా రాష్ట్రాలలో నల్లజాతివారిని ఓటర్లుగా నమోదు చేయించే ఉద్యమానికి నిధి కూర్చడంకోసం జరిగింది. విద్యార్థుల అహింసా సమన్వయ సంఘం వంటి సంస్థలు దాని వెనుక వున్నాయి. ఓటరుగా పేరు రాయించుకోవడానికి ఉద్యమమెందుకు, ఆఫీసుకు వెళ్ళి రాయించుకోరాదా అని మన విద్యార్థులకు అనిపించవచ్చు. మిసిసిపిలో ఆ ఆఫీసులో కూర్చున్న శ్వేతజాతి ఉద్యోగి రాష్ట్ర రాజ్యాంగంలోని ఏదో ఒక నిబంధన తీసి, రాసి అర్థం చెప్పమనేవాడు. అర్థం సరిగా వుందో లేదో నిర్ణయించేది అతడే. 1962లో చేసిన చట్టం ప్రకారం దరఖాస్తు పెట్టినవారి పేర్లు రెండు వారాలపాటు స్థానిక పత్రికలో అచ్చువేయాలి. ఎందుకో వేరే చెప్పనక్కర లేదు. పేరు చూసి యజమాని పనిలోనుంచి తీసేస్తాడు, ఇంటివాడు ఖాళీ చేయిస్తాడు, అప్పిచ్చినవాడు వచ్చి గుమ్మంముందు నిలబడతాడు. ఫానీ లూ హేమర్ అనే పత్తి కూలీ 1962 ఆగస్టు 31న ఇండియనోలా పట్టణానికి వెళ్ళి దరఖాస్తు పెట్టుకున్నది. పద్ధెనిమిది సంవత్సరాలు పనిచేసిన తోటనుంచి ఆమెను ఆ రోజే వెళ్ళగొట్టారు. ఆ రాష్ట్రంలో ఓటుకు అర్హులైన నల్లజాతివారిలో నమోదైనవారు నూటికి ఏడుగురైనా లేరు. వారికి ఓటుమీద ఆసక్తి లేదని పాలకులు అనేవారు. 1963 నవంబరులో ఉద్యమకారులు తమంతట తాము నమూనా ఎన్నిక నడిపితే ఎనభై వేలమంది వచ్చి ఓట్లు వేశారు. ఆసక్తి సంగతి అలా తేలింది.

కచేరీకి సరిగ్గా ఇరవై రోజుల ముందు, జనవరి 23న, ఫెడరల్ ఎన్నికలలో ఓటుకు పన్ను కట్టాలనే షరతును రద్దుచేస్తూ అమెరికా రాజ్యాంగానికి 24వ సవరణ ఆమోదం పొందింది. రాబోయే వేసవిలో వందలాది విద్యార్థులను మిసిసిపికి పంపడానికి ఏర్పాట్లు సాగుతున్నాయి. టిక్కెట్టు కొని ఆ రాత్రి వచ్చినవాడు ఇవన్నీ పత్రికల్లో చదువుతున్నవాడే.

ఇక ఆ హాలు. అది లింకన్ సెంటర్ అనే కళాభవన సముదాయంలో మొట్టమొదట తెరిచిన భవనం. 1962 సెప్టెంబరు 23న తెరిచారు. ఆ స్థలం అంతకు ముందు ఖాళీగా లేదు. శాన్ హువాన్ హిల్, లింకన్ స్క్వేర్ అని పిలిచే ఆ పేటలలో నల్లజాతివారూ, పోర్టోరికోనుంచి వచ్చిన శ్రామికులూ కాపురముండేవారు. జాజ్‌కు పునాదులు వేసిన పియానో విద్వాంసుడు జేమ్స్ పి. జాన్సన్ తన తొలిరోజులలో వాయించింది ఆ పేటలోనే. థెలోనియస్ మంక్ పెరిగింది ఆ వీధులలోనే. ‘మురికివాడల నిర్మూలన’ అనే పేరుతో ఏడువేలకు పైగా కుటుంబాలను లేవగొట్టి అక్కడ సంగీత, నాటక, నృత్య భవనాలు కట్టారు. జాజ్ పుట్టి పెరిగిన పేటలలో ఒకదాన్ని పడగొట్టిన చోట, కొత్త చలువరాళ్ళమీద, జాజ్ కచేరీ. మన నగరాలలో చెరువు పూడ్చిన చోట కట్టిన భవనానికి ఆ చెరువు పేరే పెట్టడం చూసినవారికి ఇందులో వింత కనిపించదు.

ఇన్ని కుటుంబాలను లేవగొట్టి కట్టిన ఆ హాలులో శబ్దం సరిగా వినిపించేది కాదు! తెరిచిన రోజునుంచే ఫిర్యాదులు. మంద్రస్వరాలు పలచబడిపోయేవి, వెనుక గోడనుంచి ప్రతిధ్వని వచ్చేది, వేదికమీద వున్న వాద్యగాళ్ళకు ఒకరి వాద్యం ఒకరికి సరిగా చెవిన పడేది కాదు. కప్పునుంచి వేలాడదీసిన పలకలను మార్చారు, గోడలు మార్చారు, కుర్చీలు మార్చారు. చివరకు 1976లో లోపలి భాగమంతా పడగొట్టి మళ్ళీ కట్టారు. కాని టేపు యంత్రం హాలులో వెనుక కూర్చున్న శ్రోత విన్నది వినదు. అది మైకు విన్నది వింటుంది. మైకు వాద్యానికి దగ్గరగా వుంటుంది. కాబట్టి రికార్డులో రాన్ కార్టర్ బాస్ తీగల మోత ఒక్కొక్కటిగా విడివిడిగా వినిపిస్తుంది. టోనీ విలియమ్స్ ఇత్తడి సింబల్‌మీద పుల్ల తగిలిన ప్రతి దెబ్బా వానచినుకులా ముందుకు వస్తుంది. హాలు మాత్రం చప్పట్లలో, ట్రంపెట్ స్వరం ఆగిన తరువాత మిగిలే తోకలో వినిపిస్తుంది. గాజుకూ రాతికీ తగిలినట్టు, కాస్త కటువుగా. నాకు ఆ కటువుతనం ఇష్టం. మెత్తని హాలులో ఆ కచేరీ ఇంకొక రకంగా వుండేది.

ఆ బృందంలో మైల్స్‌కు ముప్పై ఏడేళ్ళు. మిగిలినవారందరూ చిన్నవారు. టెనర్ శాక్సోఫోన్ వాయించిన జార్జ్ కోల్‌మన్ మిసిసిపి సరిహద్దును ఆనుకుని వున్న మెంఫిస్ పట్టణంవాడు, అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళవాడు. కార్టర్‌కు ఇరవై ఆరు, పియానో వాయించిన హెర్బీ హాన్‌కాక్‌కు ఇరవై మూడు. డ్రమ్స్ వాయించిన విలియమ్స్‌కు పద్ధెనిమిది నిండి రెండు నెలలు. అప్పటి చట్టం ప్రకారం అతనికి ఓటు లేదు.

వేదిక ఎక్కే ముందు వీరిమధ్య తగాదా జరిగింది. దాన్ని గురించి మైల్స్ 1989లో వెలువడిన తన ఆత్మకథలో చెప్పాడు. ఇది నిధికోసం జరిగే కచేరీ గనక ఎవరికీ పారితోషికం వుండదని నాయకుడిగా అతడు నిర్ణయించాడు. సహచరులకు ఆ సంగతి నచ్చలేదు. వారిలో ఒకరు, నాకు రావలసింది నాకివ్వండి, ఉద్యమానికి ఎంత ఇవ్వాలో నేనే ఇచ్చుకుంటాను, మీకు వచ్చినంత సంపాదన నాకు లేదు అన్న అర్థం వచ్చేటట్టు వాదించాడట. అతని పేరు మైల్స్ బయట పెట్టలేదు. చివరకు ఈ ఒక్కసారికి అని అందరూ ఒప్పుకున్నారు. కాని కోపం తగ్గలేదు. ఆ కోపమే ఆ రాత్రి వాద్యంలో నిప్పు రగిలించిందని మైల్స్ అభిప్రాయం.

ఈ తగాదాను జాజ్ గురించి రాసేవారు ఒక రసవత్తరమైన పిట్టకథలాగా చెబుతారు. మనం అలా చెప్పి దాటిపోకూడదు. ఒక మహత్తరమైన ఆశయానికి నాయకుడు విరాళమిస్తున్నాడు. ఆ విరాళంలో ఐదింట నాలుగు పాళ్ళు ఇతరుల కష్టం. అతడు వారిని అడగలేదు, చెప్పాడు. పెద్ద కంపెనీతో ఒప్పందమున్న విద్వాంసుడికి ఒక రాత్రి కూలి పోవడం వేరు, నెలవారీ అద్దె కట్టుకునే పక్కవాద్యగాడికి పోవడం వేరు. పేరు తెలియని ఆ సభ్యుడు ఓటు హక్కును వ్యతిరేకించలేదు. తన శ్రమను ఎవరికివ్వాలో తాను నిర్ణయించుకునే హక్కు అడిగాడు. మిసిసిపి కూలీలు అడుగుతున్నది కూడా అంతకంటె చాలా దూరంలో లేదు. నన్నడిగితే ఆ సభ్యుడి పక్షాన న్యాయముంది. ఆ ఉద్యమం పక్షాన కూడా న్యాయముంది. ఈ రెండు న్యాయాలూ ఒకే వేదికమీద ఢీకొన్నాయి. మన సాంస్కృతిక సభలలో డోలక్కు వాయించేవాడికి బస్సు చార్జీ చేతిలో పెట్టి, ‘ఉద్యమం కదా తమ్ముడూ’ అని భుజం తట్టి పంపించడం మనకు తెలియని వ్యవహారం కాదు. ఉపన్యాసకుడికి దండ వేస్తాం గనక అతనికి మనం బాకీ వున్నామని అనుకోం. డోలక్కు అతనికి దండ కూడా వుండదు.

ఇప్పుడు వేగం సంగతికి వద్దాం. దానికి ‘సో వాట్’ అనే కృతి చాలు. ‘అయితే ఏమిటట’ అని ఆ పేరుకు అర్థం. మైల్స్ దాన్ని మొదట 1959 మార్చి 2న కొలంబియా వారి ముప్ఫయ్యోవీధి స్టూడియోలో రికార్డు చేశాడు. ఆ స్టూడియో ఒకప్పుడు చర్చి. కృతి నిర్మాణం సూటిగా వుంటుంది. ఎనిమిదేసి కొలతల నాలుగు పాదాలు కలిస్తే ఒక ఆవర్తం. మొదటి రెండు పాదాలూ, చివరి పాదమూ ఒకే స్వరశ్రేణిలో వుంటాయి. మూడవ పాదం మాత్రం అదే శ్రేణిని అర్ధస్వరం పైకి ఎత్తుతుంది. ఆ శ్రేణిని పాశ్చాత్యులు డోరియన్ అంటారు. వారు ‘డి’ అనే స్వరాన్ని షడ్జమంగా పెట్టుకుని వాయిస్తారు. చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, చతుశ్రుతి ధైవతం, కైశికి నిషాదం. త్యాగయ్య కృతులు విని పెరిగిన తెలుగువాడికి ఇది వెంటనే పట్టుబడుతుంది. స్వరాలవరకు ఇది మన ఖరహరప్రియ. గమకం లేదు గనక రాగం కాదు, మెట్లు మాత్రం అవే. పాశ్చాత్య సంగీతంలో క్షణక్షణం మారే స్వరమేళనాలు లేకుండా, ఒకే శ్రేణిమీద చాలాసేపు నిలబడి మనోధర్మం చూపించడం ఈ కృతిలోని కొత్తదనం. మనకు అది కొత్త కాదు. మనకు కొత్తగా వుండేది ఉన్నట్టుండి షడ్జమమే అర్ధస్వరం పైకి జరగడం. తంబురా వేసుకుని కూర్చున్న మన కచేరీలో ఆ పని ఎవరూ చెయ్యరు.

1959 రికార్డులో పియానో, బాస్ కలిసి తాళం లేకుండా చిన్న పీఠిక వేస్తాయి. తరువాత బాస్ ఒక ప్రశ్నలాంటి పలుకు పలుకుతుంది. మిగిలిన వాద్యాలు రెండే దెబ్బలతో జవాబు చెబుతాయి. ‘అయితే ఏమిటట’ అన్నట్టే వుంటుంది. నిమిషానికి సుమారు 135 దెబ్బల నడక. ముప్పై రెండు కొలతల ఆవర్తం పూర్తికావడానికి ఇంచుమించు ఒక నిమిషం. తాపీగా, ఎవరికీ జవాబుదారీ కానవసరం లేనివాడు భుజాలెగరేసినట్టు.

ఈ అంకెను పవిత్రంగా భావించేవారికి ఒక సంగతి చెప్పాలి. ఆ రోజు స్టూడియోలో ప్రధాన టేపు యంత్రం కాస్త నెమ్మదిగా తిరిగింది. నెమ్మదిగా తిరిగిన టేపును మామూలు వేగంతో వినిపిస్తే సంగీతం త్వరపడుతుంది, శ్రుతి పైకి లేస్తుంది. టేపుమీద కాలమూ శ్రుతీ విడివిడిగా వుండవు, ఒకటి లాగితే రెండవది వస్తుంది. ఆ రికార్డు మొదటి ముఖంమీదున్న మూడు కృతులూ ముప్పై మూడేళ్ళపాటు అసలుకంటె కొంచెం పై శ్రుతిలో, కొంచెం ఎక్కువ వేగంతో వినిపించాయి. రికార్డుతో కలిసి సాధన చేసిన విద్యార్థులు తమ వాద్యం శ్రుతి తప్పిందేమోనని అనుమానపడ్డారు. సరైన వేగంతో తిరిగిన రెండవ యంత్రం టేపునుంచి 1992లో దాన్ని దిద్దారు. కాబట్టి కాలప్రమాణం ప్రకృతిసిద్ధమైన అంకె అని చెప్పేవారు ఆ అంకె ఏ యంత్రంనుంచి వచ్చిందో కూడా చెప్పవలసి వుంటుంది.

ఆ రికార్డు 1959 ఆగస్టు 17న బజారుకు వచ్చింది. ఆగస్టు 25 రాత్రి బర్డ్‌లాండ్ అనే జాజ్ శాలలో కచేరీ మధ్య విరామంలో మైల్స్ బయటికి వచ్చి కాలిబాటమీద నిలబడ్డాడు. ఆ శాల గుమ్మంమీద అతని పేరుంది. పోలీసు వచ్చి కదలమన్నాడు. ఇక్కడ పనిచేస్తున్నానని మైల్స్ చెప్పాడు. తల పగిలేటట్టు కొట్టి, రక్తంతో స్టేషనుకు తీసుకుపోయారు. తరువాత కోర్టు అతన్ని నిర్దోషిగా వదిలిపెట్టింది. ‘అయితే ఏమిటట’ అని తాపీగా అనగలిగే స్థితి ఎనిమిది రోజులు నిలిచింది.

1961 మే 19న కార్నెగీ హాలులో మైల్స్ ఇదే కృతి వాయించాడు. అప్పటికే నడక బాగా పెరిగింది. అది కూడా నిధికోసం జరిగిన కచేరీయే. ఆఫ్రికాలో వైద్యసహాయం చేసే ఒక సంస్థకు. కచేరీ మధ్యలో డ్రమ్స్ విద్వాంసుడు మాక్స్ రోచ్ అట్ట పలక పట్టుకుని వేదికమీదికి వచ్చి కూర్చున్నాడు. ఆఫ్రికా ఆఫ్రికావారిదే, ఇప్పుడే స్వాతంత్ర్యం కావాలి అని దానిమీద రాసి వుంది. ఆ సంస్థకు వలస ప్రభువులతో లంకెలున్నాయని రోచ్ ఆరోపణ. మైల్స్ వాయించడం ఆపి లోపలికి వెళ్ళిపోయాడు; రోచ్‌ను పంపించిన తరువాత తిరిగి వచ్చాడు. వచ్చిన తరువాత వాద్యం ఇంకా పదునెక్కిందని చెప్పుకుంటారు. రోచ్, మైల్స్ పాత మిత్రులు. నల్లజాతి విద్వాంసుడు దానం చెయ్యదలిస్తే ఎవరికి, ఎవరి చేతిమీదుగా అనే ప్రశ్న 1964లో కొత్తగా పుట్టలేదన్నమాట.

1964కు వస్తే పీఠిక లేదు. బాస్ తిన్నగా ప్రశ్నలోకి దిగుతుంది. నడక 1959 నడకకు ఇంచుమించు రెట్టింపు; ఒక ఆవర్తం అరనిమిషం ప్రాంతంలో తిరిగిపోతుంది. శ్రుతి అదే, మెట్లు అవే, మూడవ పాదంలో అర్ధస్వరం ఎత్తు అదే. అయినా అది ఇంకొక కృతి. ప్రశ్నకూ జవాబుకూ మధ్య వున్న తీరుబాటు పోయింది. 1959లో భుజాలెగరేసిన ఆ రెండు దెబ్బలు ఇక్కడ మాట పూర్తికాకముందే కొట్టినట్టు పడతాయి. ఈ వేగంలో స్వరాలన్నిటినీ స్పష్టంగా ఊదడం ఊపిరికి అందని పని. మైల్స్ ఆ పనికి పూనుకోడు. ఒక స్వరం పట్టి లాగుతాడు, విరుస్తాడు, వదిలేస్తాడు, ఖాళీ వుంచుతాడు. ఆ ఖాళీలో సింబల్ పరుగెత్తుతూనే వుంటుంది. నడక తరుముతున్నప్పుడు మనిషి చేసే పని అది. కోల్‌మన్ తీరు వేరు. అతడు దెబ్బకు దెబ్బ లెక్క తప్పకుండా, నిండుగా, శుభ్రంగా వాయిస్తాడు. అతన్ని కొందరు ఆ బృందంలో పాతబడ్డవాడని తక్కువ చేసి రాశారు. నాకు అలా వినిపించదు. మెంఫిస్‌లో బ్లూస్ నేర్చుకుని వచ్చినవాడి పనితనం అది. ఆ సంవత్సరమే అతడు బృందం వదిలి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి బాగా వాయించలేదనుకుంటూ నిరుత్సాహంతో బయటికి వచ్చామనీ, రికార్డు విన్నప్పుడు ఆశ్చర్యపోయామనీ హాన్‌కాక్ తరువాత చెప్పాడు. ఒకరి వాద్యం ఒకరికి వినిపించని హాలు, కూలి లేని రాత్రి, మాటలు లేని సహచరులు. వేదికమీద నిలబడినవారికి ఆ కచేరీ ఎలా తోచి వుంటుందో ఊహించడం కష్టం కాదు.

ఇక రెండవ బుట్ట. ‘మై ఫన్నీ వాలెంటైన్’ 1937లో ఒక బ్రాడ్వే సంగీత నాటకానికి రాసిన ప్రేమగీతం. కంపెనీ దీన్ని చౌకకాలం రికార్డుకు తలమానికంగా పెట్టింది. విని చూడండి. మొదట పియానో ఒంటరిగా, తరువాత ట్రంపెట్ తాళం పట్టని ఆలాపనలాగా వస్తాయి. డ్రమ్స్ చాలాసేపు నోరు మెదపవు. కాని నడక కుదిరిన తరువాత కాలం ఒక చోట నిలవదు. రెట్టింపవుతుంది, సగమవుతుంది, బాస్ ఒక కాలంలో నడుస్తుంటే డ్రమ్స్ ఇంకొక కాలంలో పొడుస్తాయి. మన విద్వాంసులు ఒకే తాళంలో మూడు కాలాలు పాడి చూపినట్టు. పదిహేను నిమిషాల ఈ అంశంలో ‘సో వాట్’లోని తరుముడు లోపల దాగి వుంది, మూత పెట్టిన కుండలో ఉడుకు లాగా. ‘స్టెల్లా బై స్టార్‌లైట్’లో మైల్స్ స్వరం పైకి లేచిన చోట శ్రోతలలో ఒకడు ఆపుకోలేక కేక వేస్తాడు. ఆ కేక రికార్డులో స్పష్టంగా వుంది. కంపెనీ చెరిపెయ్యకుండా వుంచినందుకు సంతోషం. అది ప్రణయ విషాదానికి వేసే కేక కాదు. చర్చిలో ప్రసంగానికి సమాధానంగా, సభలో ఉపన్యాసానికి సమాధానంగా నల్లజాతి ప్రజలు వేసే కేక ఎలా వుంటుందో అలా వుంటుంది.

పంపకం సూత్రప్రకారమైనా జరిగిందా అంటే అదీ లేదు. ‘ఆల్ బ్లూస్’ 1959లో పదకొండున్నర నిమిషాలు నిదానంగా సాగిన కృతి. ఈ రాత్రి దాన్ని చాలా వేగంగా వాయించి తొమ్మిది నిమిషాలలో ముగించారు. దాన్ని తీసుకువెళ్ళి నెమ్మది రికార్డులో పెట్టారు! అటువైపు ‘దేర్ ఈజ్ నో గ్రేటర్ లవ్’ అనే ప్రేమగీతాన్ని వేగపు రికార్డులో చేర్చారు. ఎందుకంటే దాని చివర బృందం ముగింపు ముక్త తగులుకుని వుంది. మన కచేరీలో మంగళంలాంటిది. ఆ ముక్త రెండుచోట్ల వస్తే రెండూ ‘ఫోర్ అండ్ మోర్’లోనే చేరాయి. అంటే ఒక రికార్డుకు రెండు మంగళాలు, ఇంకొక రికార్డుకు ఒక్కటీ లేదు.

లాంగ్ ప్లే రికార్డుకు ఇంకొక చిక్కు వుంది. ‘మై ఫన్నీ వాలెంటైన్’ మొత్తం గంటకు మించిన సంగీతం. ఒక్కొక్క ముఖంమీద అరగంట, అంతకు పైన. అంత నిడివి పట్టాలంటే గాళ్ళు దగ్గర దగ్గరగా గీయాలి. గాళ్ళు దగ్గరైతే ముల్లు అటూ ఇటూ వూగడానికి చోటు తగ్గుతుంది, కాబట్టి శబ్దం మట్టం తగ్గించి చెక్కాలి, మంద్రస్వరాలను అదుపులో పెట్టాలి. వెనకటి గదిలోనుంచి వినిపిస్తున్నట్టు వుండే ఆ మెత్తదనాన్ని ‘మైల్స్ అంతర్ముఖత్వం’ అని మెచ్చుకున్నవారున్నారు. అందులో కొంత వాటా రికార్డు చెక్కే యంత్రానిది.

నిడివివల్ల రెండు రికార్డులు కావడం తప్పదు, అది కంపెనీ తప్పు కాదు. కచేరీ నడిచిన వరుసలోనే రెండు భాగాలు చేసి వుంటే సరిపోయేది. కాని రాత్రి దీపం తగ్గించుకుని వినేవాడికి ఒక సరుకు, పార్టీలో హుషారుకు ఒక సరుకు అమ్మాలనుకున్నప్పుడు ఆ వరుస అడ్డొస్తుంది. వేగం ఒక చరిత్రలోనుంచి ఊడివచ్చి సరుకుమీద అంటించిన చీటీ అయింది. రెండు అట్టలమీది పేర్లలోనూ మిసిసిపి లేదు. ప్రేమగీతం పేరు ఒకటి, అంకె పేరు ఇంకొకటి. ఆ రికార్డులు కొన్న సాధారణ శ్రోతకు అవి ఒకే రాత్రి పుట్టిన కవలలని తోచే అవకాశం తక్కువ. 1992లో రెండింటినీ ఒకచోట చేర్చి విడుదల చేశారు. 2004లో 1963, 64 సంవత్సరాల రికార్డులన్నిటినీ సంపుటిగా తెచ్చినప్పుడు కచేరీ మళ్ళీ కచేరీగా వినే వీలు కలిగింది.

ఆ నిధి సహాయపడిన ఉద్యమం సంగతి. 1964 జూన్ 21న మిసిసిపిలో జేమ్స్ చేనీ, ఆండ్రూ గుడ్‌మన్, మైకేల్ ష్వెర్నర్ అనే ముగ్గురు కార్యకర్తలను హత్యచేసి మట్టికట్టలో పాతిపెట్టారు. 1965 ఆగస్టు 6న ఓటు హక్కుల చట్టం వచ్చింది. 1967 నాటికి మిసిసిపిలో నమోదైన నల్లజాతి ఓటర్లు నూటికి అరవై ప్రాంతానికి చేరారు. ఆ చట్టంలో రాష్ట్రాలమీద ముందస్తు తనిఖీకి ఆధారమైన నిబంధనను 2013లో సుప్రీం కోర్టు కొట్టివేసింది. హాలును 2022లో మరొకసారి పూర్తిగా పునర్నిర్మించి, పడగొట్టిన పేటయిన శాన్ హువాన్ హిల్ పేరుతోనే కొత్తగా రాయించిన సంగీతంతో తెరిచారు.

విద్యార్థి మిత్రులు ఈ రికార్డులు సంపాదించుకుంటే ఒకదాని తరువాత ఒకటిగా వినవద్దు. ‘సో వాట్’ విని వెంటనే ‘స్టెల్లా’ వినండి, ఆ తరువాత ‘వాకిన్’, ఆ తరువాత ‘మై ఫన్నీ వాలెంటైన్’. ట్రంపెట్‌ను కాసేపు వదిలేసి, పద్ధెనిమిదేళ్ళ డ్రమ్స్ కుర్రవాడు వాయించని చోట్లు ఎక్కడెక్కడ వున్నాయో లెక్కపెట్టండి.